పాత కారు ఇంజిన్‌కు కొత్త పిస్టన్లు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు పేరు, తయారైన సంవత్సరం చెబితే పిస్టన్ దొరుకుతుంది. అది మీ బ్లాకుకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మెకు) సరిపోతుందన్న హామీ మాత్రం దొరకదు. అరవై డెబ్బై ఏళ్లు నడిచిన ఇంజిన్‌ను ఈలోగా ఎవరో ఒకరు విప్పే ఉంటారు, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) పెంచి ఉంటారు, పిస్టన్‌ను క్రాంకుకు (ఇంజిన్ కింది ఇరుసుకు) కలిపే రాడ్లు మార్చి ఉంటారు. అందుకే కింది జవాబుల్లో చాలావరకు చివరికి కొలత దగ్గరికే వస్తాయి. అంగుళంలో వెయ్యో వంతును వర్క్‌షాపుల్లో థౌ అంటారు. ఒక థౌ 0.0254 మిల్లీమీటర్లు. పాత ఇంజిన్ల లెక్కలన్నీ దాదాపు ఆ భాషలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడా అదే వాడాం.

పిస్టన్లు మార్చి తీరాలా? రింగులు మారిస్తే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. పిస్టన్‌లో ముందుగా పాడయ్యేది పై రింగు కూర్చునే గాడి. మసి పూర్తిగా తీసి, కొత్త రింగును ఆ గాడిలో పెట్టి, పక్కన ఫీలర్ గేజి (మందం రాసి ఉన్న సన్నటి రేకుల కట్ట) దూర్చి చూడండి. రెండు మూడు థౌ రేకు దూరితే గాడి బాగున్నట్టే. ఆరు థౌ రేకు దూరిందంటే ఆ పిస్టన్ పని అయిపోయింది. అంత సందులో రింగు ప్రతి స్ట్రోకుకూ పైకీ కిందికీ కొట్టుకుంటూ నూనెను మంటగదిలోకి తోడిపోస్తుంది. కొత్త పిస్టన్ ఎక్కడా దొరకని ఇంజిన్ అయితే గాడిని లేత్ మీద వెడల్పు చేయించి స్టీలు స్పేసర్ వేయించుకునే మార్గం ఉంది.

మసి తీయడానికి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ఇనుముకు చెప్పే వైద్యం. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా కరిగించేస్తుంది.

తర్వాత స్కర్టు (రింగుల కింద ఉండే పిస్టన్ గోడ) మీది గీతలు చదవండి. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గజన్ పిన్‌కు అడ్డంగా ఉన్న రెండు ముఖాల మీదా, నడిమధ్యన, ఒకే రకంగా నునుపెక్కి ఉంటే అంతా సవ్యంగా నడిచినట్టు. ఒక ముఖం మీద పై మూలన, ఎదుటి ముఖం మీద కింది మూలన ఒరుసుకుపోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది. దాన్ని సరిచేయకుండా కొత్త పిస్టన్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. పిన్‌కు ఇరువైపులా నాలుగు మూలల్లోనూ నిలువు గీతలు పడితే పిన్ బిగుసుకుపోయిందేమో, ఇంజిన్ విపరీతంగా వేడెక్కిందేమో చూడాలి.

పాత పిస్టన్లే ఉంచుతానంటే మరో మెలిక. సిలిండర్ పైభాగంలో, రింగు చేరని చోట, అరగని మెట్టు ఒకటి మిగిలి ఉంటుంది. వేలిగోరుకు తగులుతుంది. పాత రింగు అంచు ఆ మెట్టుకు తగ్గట్టు గుండ్రబడి ఉంటుంది కానీ కొత్త రింగు పదునైన అంచు నేరుగా వెళ్లి దానికి కొట్టుకుంటుంది, రింగు విరుగుతుంది. మెట్టును రీమర్‌తో కోయించాలి, లేదా అక్కడ తగలకుండా పై అంచు మెట్టుగా చెక్కిన రింగు వేయాలి.

బోర్‌ను ఎక్కడ, ఎలా కొలవాలి?

డయల్ బోర్ గేజితో, ఒక్కో సిలిండర్‌లో ఆరు కొలతలు: మెట్టుకు కాస్త కింద, మధ్యలో, అడుగున. ప్రతి చోటా రెండేసి, క్రాంకుకు సమాంతరంగా ఒకటి, అడ్డంగా ఒకటి. పై కొలతకూ అడుగు కొలతకూ తేడా వాలు. ఒకే చోట అడ్డం కొలతకూ సమాంతరం కొలతకూ తేడా అండాకారపు అరుగుదల. ఎంతవరకు భరించవచ్చో ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది.

ఉష్ణోగ్రతను తేలిగ్గా తీసుకోకండి. కొలతలకు ప్రమాణం 20 డిగ్రీల సెల్సియస్. 75 మి.మీ. అల్యూమినియం పిస్టన్ 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక థౌ పెరుగుతుంది, పోత ఇనుము బ్లాకు దానిలో సగమే పెరుగుతుంది. బ్లాకు, పిస్టన్లు, గేజి మూడింటినీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున్నే కొలిస్తే ఈ గొడవ ఉండదు.

ఏ ఓవర్‌సైజు తీసుకోవాలి?

గీతలూ అండాకారమూ పూర్తిగా పోయే అతి చిన్న సైజు. అంగుళాల ఇంజిన్లకు 10, 20, 30, 40, 60 థౌ పెద్దవి మామూలుగా చేస్తారు. మెట్రిక్ ఇంజిన్లకు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. తయారీదారులు అన్నీ చేయరు. 30 థౌ ఇంజిన్‌కు సరిపోయినా దొరికేది 40 ఒక్కటే కావచ్చు. ఎలాగూ కోస్తున్నాం కదా అని 60కి పోవడం తెలివి తక్కువ పని. ఆ తర్వాత బోర్ చేయించే అవకాశం మిగలదు. పాత పోతలో లోపలి కోర్ జరిగి, గోడ ఒకవైపు మందంగా మరోవైపు పల్చగా ఉండటం సాధారణం. పెద్ద సైజుకు వెళ్లే ముందు గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో చూపించుకోండి.

నాలుగింటిలో ఒక్క సిలిండర్ మాత్రమే లోతుగా గీసుకుపోతే, దాని కోసం మిగతా మూడింటినీ కోయనక్కర్లేదు. ఆ ఒక్కదానికి డ్రై లైనర్ (బోర్‌లో బిగించే పల్చటి ఇనుప గొట్టం) వేయించి మిగతావాటి సైజుకు తెచ్చుకోవచ్చు.

ముందు బోరింగ్ చేయించాలా, ముందు పిస్టన్లు కొనాలా?

పిస్టన్లు. ఇందులో మరో మాట లేదు. డబ్బా మీద 40 థౌ అని ఉన్నంత మాత్రాన లోపలి పిస్టన్ సరిగ్గా అంతే ఉంటుందనుకోకూడదు. కొందరు తయారీదారులు సందును పిస్టన్‌లోనే తగ్గించి ఇస్తారు, కొందరు బోర్‌లో పెంచుకోమంటారు. పిస్టన్ మీద చెక్కిన అంకె కొందరి పద్ధతిలో పిస్టన్ అసలు సైజు, కొందరి పద్ధతిలో పూర్తయిన బోర్ సైజు. పిస్టన్లు చేతికి వచ్చాక ప్రతిదాన్నీ కొలిపించి, ఏది ఏ సిలిండర్‌కో నంబరు వేయించి, దానికి తగ్గట్టు ఆ సిలిండర్‌ను పూర్తి చేయమని చెప్పండి. మంచి పనివాడు బోరింగ్ బార్‌తో రెండు నుంచి నాలుగు థౌ తక్కువకు ఆపి, మిగతాది హోనింగ్‌తో (రాపిడి రాళ్లతో రుద్ది) తీస్తాడు. బోర్ గోడ మీద ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నటి గీతలు మిగలాలి. అద్దంలా మెరిసే బోర్‌లో నూనె నిలవదు, రింగులు కుదురుకోవు.

పిస్టన్‌కూ గోడకూ మధ్య ఎంత సందు ఉండాలి?

అన్నింటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువగా తప్పు జవాబు దొరికేదీ దీనికే. ఒక అంకె పట్టుకుని అన్ని పిస్టన్లకూ వాడటం వల్లే కొత్తగా కట్టిన ఇంజిన్లు మొదటి ఎత్తు ఎక్కేలోపే పిస్టన్లు బిగుసుకుని పట్టేస్తుంటాయి.

సందును నిర్ణయించేది లోహం, స్కర్టు ఆకారం. 75 మి.మీ. బోర్‌ను తీసుకోండి. ప్రతి 100 డిగ్రీలకు పోత ఇనుము గోడ సుమారు 0.08 మి.మీ. విప్పారుతుంది. 12 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం పిస్టన్ సుమారు 0.15 పెరుగుతుంది. సిలికాన్ దాదాపు లేని 2618 రకం మిశ్రలోహపు ఫోర్జ్‌డ్ (వేడి లోహాన్ని నొక్కి చేసిన) పిస్టన్ 0.17 దాకా పోతుంది. పైగా పిస్టన్ గోడకన్నా చాలా వేడిగా ఉంటుంది. ఈ పెరుగుదలను మింగేందుకే పిస్టన్‌ను గుండ్రంగా కాక కొంచెం అండాకారంగా, పైన సన్నగా కింద లావుగా చేస్తారు. పై భాగం స్కర్టుకన్నా అర మిల్లీమీటరు దాకా తక్కువ ఉండవచ్చు. కాబట్టి పిస్టన్ తల దగ్గర కొలిచి సందు ఎక్కువైందని కంగారు పడకండి. పిన్‌కు అడ్డంగా, స్కర్టు మీద తయారీదారు చెప్పిన ఎత్తులోనే కొలవాలి.

75 మి.మీ. బోర్‌కు ఉజ్జాయింపుగా: స్కర్టులో చీలిక ఉన్న పోత పిస్టన్‌కు ఒకటిన్నర నుంచి రెండు థౌ, చీలిక లేని పోత పిస్టన్‌కు రెండు నుంచి మూడు, 12 శాతం దాకా సిలికాన్ ఉన్న 4032 రకం ఫోర్జ్‌డ్‌కు మూడు దరిదాపుల్లో, 2618కి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ. పిస్టన్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే కాగితం మాటే వినండి. కాగితం పోయి, లోహం కూడా తెలియని పిస్టన్ అయితే తయారీదారును అడగకుండా బోర్ కోయించకండి. పాత కారు మాన్యువల్‌లోని సందు, ఆ కారుతో ఫ్యాక్టరీలో వచ్చిన పిస్టన్‌కు చెప్పినది. మీరు కొన్నది వేరే రకం అయితే ఆ అంకెకు విలువ లేదు.

స్కర్టు మీద నల్లటి గ్రాఫైట్ పూత ఉంటే ఆ పూతతో కలిపి కొలవాలా, మినహాయించాలా అన్నది కూడా తయారీదారు చెప్పాల్సిందే. కొందరు పూత లేకుండా చిన్న కిటికీ వదిలి, అక్కడ కొలవమంటారు.

పోతవి మంచివా, ఫోర్జ్‌డ్ మంచివా?

నిదానంగా తిప్పుకునే కారుకు పోత పిస్టన్లే మేలు. సందు తక్కువ, చల్లగా ఉన్నప్పుడు చప్పుడు తక్కువ. ఫోర్జ్‌డ్ పిస్టన్ బలం రేసింగ్‌కూ సూపర్‌చార్జరుకూ కావాలి. గ్యాసును ఐదో వంతుకు మాత్రమే కుదించే, అంటే ఐదు నిష్పత్తి కంప్రెషన్‌తో నడిచే ఇంజిన్‌కు ఆ బలం అవసరం లేదు. అయినా చాలామంది ఫోర్జ్‌డ్ వాడుతున్నారంటే కారణం వేరు: నాలుగో ఆరో పిస్టన్లు మాత్రమే కావాలంటే పోత అచ్చు ఎవరూ తయారు చేయరు. ఫోర్జ్‌డ్ దిమ్మెను కంప్యూటర్ లేత్ మీద చెక్కి ఇవ్వడమే సులువు. అలా చేయించుకోవాల్సి వస్తే 4032 అడగండి, చల్లటి ఉదయాల్లో టకటకలు తగ్గుతాయి.

16 నుంచి 18 శాతం సిలికాన్ ఉండే హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లు గట్టివి, తక్కువ విప్పారతాయి, కానీ పెళుసు. ఇగ్నిషన్ టైమింగ్ చేత్తో ముందుకూ వెనక్కూ జరిపే కార్లలో, లివర్ మరచిపోయి ఇంజిన్ నాక్ కొడుతుంటే (మంట అదుపు తప్పి టకటక కొడుతుంటే) ఇవి ఓర్చుకోవు.

మా ఇంజిన్‌లో ఇనుప పిస్టన్లు ఉన్నాయి. అల్యూమినియం వేయవచ్చా?

వేయవచ్చు. అల్యూమినియం పిస్టన్ల కథ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే మొదలైంది. 1913లో, తర్వాత బెంట్లీ కార్లు తయారుచేసిన డబ్ల్యు. ఓ. బెంట్లీ, ఫ్రాన్సులోని డి.ఎఫ్.పి. కార్ల ఫ్యాక్టరీలో పిస్టన్ ఆకారంలో ఉన్న అల్యూమినియం పేపర్‌వెయిట్‌ను చూసి, 12 శాతం రాగి కలిపిన అల్యూమినియంతో పిస్టన్లు పోయించి ఆ కార్లను పందేల్లో నడిపాడు. ఫోర్డ్ మోడల్ టి పోత ఇనుము పిస్టన్లతోనే అమ్ముడుపోగా, దాని తర్వాత వచ్చిన మోడల్ ఎ అల్యూమినియం పిస్టన్లతో వచ్చింది.

బరువు తగ్గితే బేరింగులకు ఎంతో ఊరట. ముఖ్యంగా పొడవాటి స్ట్రోకు ఇంజిన్లలో. బ్రిటన్‌లో 1921 నుంచి కారు పన్నును ఆర్.ఎ.సి. (రాయల్ ఆటోమొబైల్ క్లబ్) హార్స్‌పవర్ మీద వేశారు. ఆ సూత్రంలో ఉన్నవి బోర్, సిలిండర్ల సంఖ్య మాత్రమే, స్ట్రోకు ఊసే లేదు. దాంతో బోర్ సన్నగా, స్ట్రోకు పొడవుగా ఉన్న ఇంజిన్లు పుట్టుకొచ్చాయి. 100 మి.మీ. స్ట్రోకు ఇంజిన్ నిమిషానికి 3500 చుట్లు తిరిగితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 11.7 మీటర్లు. ఆ వేగంతో పోయి పైనా కిందా ఆగి వెనక్కి తిరగాల్సిన బరువు ఎంత తక్కువైతే తెల్లలోహపు బేరింగు అంత ఎక్కువ కాలం బతుకుతుంది.

మార్చేటప్పుడు సందు కొత్త లోహానికి తగ్గట్టు పెంచాలి, అన్ని సిలిండర్లకూ ఒకేసారి మార్చాలి. ఇనుముకు పెట్టిన సందులో అల్యూమినియం పెడితే మొదటి రోజే పట్టేస్తుంది.

కంప్రెషన్ ఎత్తు అంటే ఏమిటి? అది తేడాగా ఉంటే ఏమవుతుంది?

పిన్ నడిమి నుంచి పిస్టన్ తల వరకు ఉన్న దూరం. కొత్త పిస్టన్ బోర్‌లో చక్కగా కూర్చుని, ఈ ఎత్తు మాత్రం తప్పితే ఇంజిన్ స్వభావమే మారిపోతుంది.

లెక్క చూడండి. బోర్ 75, స్ట్రోకు 100 అయితే ఒక సిలిండర్ పరిమాణం 441.8 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 5.5 ఉన్నదంటే పైన మిగిలే గది 98.2 సీసీ. కొత్త పిస్టన్ రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే ఆ గదిలో 8.8 సీసీ పోయి 89.4 మిగులుతుంది, నిష్పత్తి 5.9 దాటుతుంది. నేటి పెట్రోలుకు 5.9 ఏమంత ఎక్కువ కాదు. భయం దాని గురించి కాదు, పిస్టన్ తల హెడ్డుకో (సిలిండర్ల పై మూతకో) వాల్వుకో తగులుతుందని. సన్నటి క్రాంకు, పాత బేరింగులు ఉన్న ఇంజిన్‌లో నిష్పత్తిని ఏడు ఎనిమిదికి తెస్తామనే ఉత్సాహం కూడా అదుపులో పెట్టుకోవాలి.

తగులుతుందా లేదా చూడటానికి పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమన్ను ముద్ద పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి ముద్దను బ్లేడుతో నిలువునా కోస్తే ఎక్కడ ఎంత మందం మిగిలిందో కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరుకన్నా పల్చగా ఉన్న చోట ఆగి ఆలోచించాలి. సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే) ఇంజిన్లలో హెడ్డు లోపలి పైకప్పు పిస్టన్ మీదికి బాగా దిగి ఉంటుంది కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త.

గజన్ పిన్ విషయంలో ఏం చూడాలి?

వ్యాసం, పొడవు, దాన్ని పట్టి ఉంచే పద్ధతి. మూడోదాన్నే మరచిపోతారు. కొన్ని ఇంజిన్లలో పిన్ పిస్టన్‌లోనూ రాడ్‌లోనూ స్వేచ్ఛగా తిరుగుతుంది, రెండు చివర్లా సర్‌క్లిప్పులు (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగులు) దాన్ని ఆపుతాయి. కొన్నింటిలో రాడ్ చిన్న చివరను బోల్టుతో బిగిస్తారు, అప్పుడు పిన్‌కు ఆ బోల్టు పట్టే గాడి ఉండాలి. మరికొన్నింటిలో పిన్‌ను ప్రెస్సుతో దిగ్గొడతారు. బోల్టుతో బిగించే రాడ్‌కు సర్‌క్లిప్పు పిస్టన్ తెచ్చుకుంటే పిన్ ఒకటే కాదు, రాడ్‌కు బుష్ వేయించే పని కూడా పడుతుంది. గుండ్రటి తీగ సర్‌క్లిప్పుకూ బల్లపరుపు సర్‌క్లిప్పుకూ గాడి ఆకారాలు వేరు. ఒకదాని గాడిలో మరొకటి పెడితే ఎప్పుడో ఊడి సిలిండర్ గోడను నిలువునా చెక్కేస్తుంది. ఒకసారి తీసిన సర్‌క్లిప్పును మళ్లీ వాడకండి.

పిస్టన్ లోపల పిన్ కూర్చునే రెండు దిమ్మెల మధ్య ఖాళీలో మీ రాడ్ పడుతుందో లేదో కూడా చూడండి.

రింగులు పాతవాటిలా మందంగా ఉండాలా?

అక్కర్లేదు. పాత పిస్టన్లకు నాలుగైదు రింగులు, ఒక్కొక్కటి అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉండేవి. కొత్తవాటికి మూడు చాలు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. రాపిడి తగ్గుతుంది, నూనె అదుపు మెరుగవుతుంది. పిన్ కింద ఉండే అదనపు నూనె రింగు కొత్త పిస్టన్‌లో లేకపోయినా బెంగపడనక్కర్లేదు.

కొసల మధ్య ఖాళీ మాత్రం మీరే చూసుకోవాలి. బోర్ ప్రతి అంగుళానికీ మూడు నుంచి నాలుగు థౌ, అంటే 75 మి.మీ.కి 9 నుంచి 12 థౌ. రింగును బోర్ అడుగున, అరగని చోట, పిస్టన్‌ను తలకిందులుగా దింపి తిన్నగా తోసి కొలవండి. అరిగిన బోర్‌లో పైన కొలిస్తే మోసపోతారు: బోర్ 0.1 మి.మీ. పెద్దదైతే కొసల మధ్య ఖాళీ 0.31 మి.మీ. పెరుగుతుంది. క్రోమియం పూసిన బోర్‌లో క్రోమ్ రింగు వాడకూడదు.

బరువుల్లో ఎంత తేడా భరించవచ్చు?

సెట్టులోని పిస్టన్లన్నీ పిన్‌తో సహా రెండు గ్రాముల తేడాలో ఉంటే చాలు. ఇన్‌లైన్ నాలుగు, ఆరు సిలిండర్ల ఇంజిన్లలో కొత్త సెట్టు మొత్తం పాతదానికన్నా తేలికైనా ఇబ్బంది లేదు, తమలో తాము సమానంగా ఉండాలి, అంతే. వి8లో అలా కుదరదు. ఆ క్రాంకు ప్రతిబరువులను పిస్టన్ బరువులో సగాన్ని లెక్కలోకి తీసుకుని చేస్తారు. పిస్టన్ బరువు మారితే క్రాంకును మళ్లీ బ్యాలన్స్ చేయించాలి.

వేరే ఇంజిన్ పిస్టన్ సరిపెట్టుకోవచ్చా?

బోర్, కంప్రెషన్ ఎత్తు, పిన్ వ్యాసం, ఈ మూడూ దగ్గరగా ఉన్న పిస్టన్‌ను కేటలాగులో వెతికి పట్టుకోవడం పాత విద్యే, బాగా పనిచేస్తుంది. పిన్ కాస్త సన్నగా ఉంటే రాడ్ బుష్‌తో సర్దుకోవచ్చు. లావుగా ఉంటే రాడ్‌లో అంత లోహం ఉందో లేదో చూడాలి. స్కర్టు పొడవైతే పిస్టన్ అడుగుకు దిగినప్పుడు క్రాంకు ప్రతిబరువుకు తగులుతుందేమో తిప్పి చూడండి. తల మీద వాల్వుల కోసం చెక్కిన గుంటలు మీ వాల్వుల కింద లేకపోతే అవి కంప్రెషన్ తగ్గించడం తప్ప చేసేదేమీ లేదు.

డబ్బా విప్పని పాత నిల్వ పిస్టన్లు నమ్మవచ్చా?

లోహం నిల్వలో ముసలిదవదు, కానీ తడి తగిలితే అల్యూమినియం గుంటలు పడుతుంది, రింగులు తుప్పు పడతాయి. రింగు గాడుల్లో తెల్లటి పొడి కనిపిస్తే వదిలేయండి. మిగతావాటిని పిన్ దిమ్మెల దగ్గర పగుళ్ల కోసం డై పెనెట్రాంట్‌తో (పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో) పరీక్షించి, రింగులు కొత్తవి వేసుకోండి.

వెట్ లైనర్ ఇంజిన్లకు ఏం తేడా?

1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్ లాంటి ఇంజిన్లలో లైనర్ బయట చుట్టూ నీళ్లే ఉంటాయి. అక్కడ బోరింగ్ తలనొప్పి లేదు: లైనర్, పిస్టన్, పిన్, రింగులు జతగా వస్తాయి, ఆ జతలను కలగాపులగం చేయకూడదు. లైనర్ అంచు బ్లాకు ముఖంకన్నా ఎంత పైకి ఉండాలో మాన్యువల్‌లో చూసి, అడుగు సీలు మందంతో సరిచేసుకోవాలి. అది తక్కువైతే హెడ్ గాస్కెట్ నిలవదు.

చీలిక స్కర్టును ఎటు తిప్పి పెట్టాలి?

ఒత్తిడి తక్కువ పడే వైపు. ముందు నుంచి చూసినప్పుడు సవ్యదిశలో తిరిగే ఇంజిన్‌లో మంట ఒత్తిడి పిస్టన్‌ను ఎడమ గోడకు నొక్కుతుంది, చీలిక కుడివైపు ఉండాలి. తల మీద బాణమో గంటో ఉంటే అది ఇంజిన్ ముందుకు చూడాలి; పిన్ నడిమి నుంచి కాస్త పక్కకు జరిపి ఉన్న పిస్టన్లను తిప్పి పెడితే చప్పుడు చేస్తాయి.

కొత్త పిస్టన్లతో మొదటి కిలోమీటర్లు ఎలా నడపాలి?

ఖాళీగా నిలబెట్టి గంటల తరబడి తిప్పకండి. రింగును గోడకు నొక్కేది వెనకనున్న గ్యాసు ఒత్తిడి. భారం లేకుండా తిరిగితే ఆ ఒత్తిడి ఉండదు, హోనింగ్ గీతలు రింగు కుదురుకోకముందే నునుపెక్కిపోతాయి. ఇంజిన్ వేడెక్కగానే రోడ్డెక్కి, మధ్యస్థ వేగంలో యాక్సిలరేటర్ సగం వరకు నొక్కి లాగించడం, వదలడం, మళ్లీ లాగించడం చేయండి. వదిలినప్పుడల్లా సిలిండర్‌లో ఏర్పడే శూన్యం నూనెను పైకి పీల్చి గోడలను తడుపుతుంది. ఈ దశలో మామూలు మినరల్ ఆయిలే పోయండి, సింథటిక్ వద్దు. మొదటి నూనెను కొన్ని వందల కిలోమీటర్లకే దింపేసి, అడుగున చేరిన లోహపు రజనును వేలితో రుద్ది చూడండి. బూడిద రంగు సన్నటి మెరుపు సహజం. రేకులు కనిపిస్తే సంపు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పాలి.